గుండ్రటి మచ్చల హాజరు

నాకు కోపం తగ్గాక ఈ సంగతి రాద్దామనుకున్నాను. తగ్గలేదు. తగ్గేదాకా ఆగుదామంటే నా వయసుకి అది నమ్ముకోదగ్గ ఏర్పాటు కాదు. అందుకని కోపం ఉండగానే రాస్తున్నాను. కొత్తగా ఫిజియోథెరపీ పనిలోకి వచ్చిన పిల్లలు చదివితే చాలు. మిగతావాళ్లు చదివినా నాకు అభ్యంతరం లేదు, వాళ్లకీ నడుములున్నాయి కాబట్టి.

హైస్కూలు రోజులనుంచి నాకు డైరీ రాసే అలవాటు. వాన పడిందా, బస్సు ఎక్కడ చెడిపోయింది, ఏ రోగి ఊతం లేకుండా నడిచాడు, ఇంట్లో ఏం కూర వండారు, ఇవే ఉంటాయి అందులో. కోపతాపాలు రాయను. ఒక్క రోజు పేజీలో మాత్రం అక్షరాలు వంకర తిరిగి, కలం ఒత్తిడికి వెనక పేజీ మీద కూడా అచ్చు పడి ఉన్నాయి. మా ఆవిడ ఆ పేజీ తడిమి చూసి, "ఇది రాసినట్టు లేదు, దున్నినట్టుంది" అంది.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక చోడవరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. ఎముకల డాక్టరుగారు దాని యజమాని. నాకంటే చాలా చిన్నవాడు. విరిగిన చెయ్యి అతుకు పెట్టడంలో ఆయన హస్తవాసి నిజంగా గొప్పది, ఆ మాట ఇప్పుడు కూడా కాదనను. నన్ను "మాస్టారూ" అనేవాడు. నాతోపాటు పనిచేసే అమ్మాయి అప్పుడే చదువు ముగించి వచ్చింది. రోజూ చీడికాడ నుంచి బస్సులో వచ్చేది. చేతులెంత మెత్తనో నోరంత పదును.

ఒకసారి డాక్టరుగారు హైదరాబాదులో ఏదో సమావేశానికి వెళ్లి ఒక పెట్టె తెచ్చారు. అందులో చిన్నా పెద్దా ప్లాస్టిక్ కప్పులు, ఒక చేతి పంపు ఉన్నాయి. కప్పు ఒంటి మీద బోర్లించి, పంపుతో లోపలి గాలి లాగేస్తే చర్మం, దాని కింద కండ పైకి ఉబ్బుతాయి. కాసేపు ఉంచి తీసేస్తే గుండ్రటి మచ్చ మిగులుతుంది. ఎర్రగానో, నేరేడు పండు రంగులోనో. కొన్నాళ్లకి అదే పోతుంది.

నాకు ఇది వింతేమీ కాదు. మా నాయనమ్మ కడుపు పట్టేసిందంటే బొడ్డు దగ్గర చిన్న దీపం పెట్టి, దాని మీద చెంబు బోర్లించేది. దీపం ఆరగానే చెంబు ఒంటిని పట్టుకునేది. నేను ఆ పెట్టెని అనుమానంగానే అందుకున్నాను గానీ, వాడి చూశాక ఒప్పుకున్నాను. రోజంతా మిషను మీద వంగే దర్జీ ఆవిడకి మెడ తిరిగింది. బోర్డు మీద పైదాకా రాసి రాసి భుజం పట్టేసిన టీచరుగారు చెయ్యి ఎత్తగలిగాడు. బిగుసుకున్న కండ వదులవుతుంది, నొప్పి రెండు మూడు రోజులు వెనక్కి తగ్గుతుంది. అంతవరకే. ఆ రెండు మూడు రోజుల్లోనే కండకి బలం వచ్చే వ్యాయామం నేర్పాలి, బరువు ఎత్తే తీరు మార్చాలి, ఒంటికి విశ్రాంతి ఇవ్వాలి. కప్పు తలుపు తీస్తుంది. లోపలికి వెళ్లి పని చేసుకోవలసింది మనం.

దీన్ని అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. అర్థం చేసుకోకుండా ఉండడానికే చాలా తెలివి కావాలి. అంత తెలివి మా ఊళ్లో ఒక బెల్లం షావుకారుకి ఉంది.

ఆయన గోడౌన్లో బెల్లం దిమ్మలు లారీలకెత్తే కళాసీల ముఠా ఒకటి ఉండేది. నడుము, మెడ, మోకాలు, ఏదో ఒకటి నొప్పి లేని మనిషి ఆ ముఠాలో లేడు. షావుకారు, మా డాక్టరుగారు మాట్లాడుకున్నారు. బజారు సెలవు రోజున ముఠా మొత్తం మా దగ్గరికి రావాలి, కప్పులు పెట్టించుకోవాలి. వినడానికి ఎంత బాగుందో చూడండి. నేనూ బాగుందనే అనుకున్నాను.

మొదట్లో ఆ సెలవు రోజులు సరదాగానే గడిచేవి. వరసగా బెంచీల మీద బోర్లా పడుకుని ఒకళ్లనొకళ్లు వెక్కిరించుకునేవారు. వాళ్లలో నలభై దాటిన ఒకతను అందరికంటే గోలగాడు. అతని భార్య బస్టాండు దగ్గర ఇడ్లీ బండి నడిపేది. మచ్చ ఎంత నల్లగా పడితే అంత చెడు రక్తం బయటికి లాగినట్టని వాళ్లలో ఒక నమ్మకం. అది తప్పని నేను ఎన్నిసార్లు చెప్పినా చెవిన పెట్టలేదు.

"గట్టిగా లాగు తల్లీ," అన్నాడతను నాతో పనిచేసే అమ్మాయితో. "మా బావకి నల్లగా ఒచ్చేయి. నాకేటి ఇలగ ఎర్రగా ఒచ్చేయి? నానేటి పాపం సేసేను?"

"మీ బావ తోలు మందం, నీది పల్చన. బెల్లం దిమ్మేటి, రంగు చూసి రేటు కట్టడానికి?" అంది అమ్మాయి.

"ఒరే, ఆడి తోలు పల్చనంటరా!" అని పక్క బెంచీ మీద బావ నవ్వు. "ఇంటికాడ ఇడ్లీ పిండి రుబ్బి రుబ్బి అరిగిపోనాదిరా."

"రుబ్బితే అరిగేది సెయ్యిరా, ఈపు కాదు," అని ఇతని జవాబు.

ఆ తరవాత నేను నేర్పే వ్యాయామాలు మాత్రం ఎవరూ చేసేవారు కాదు. వ్యాయామం చేస్తే ఒంటి మీద ఏ గుర్తూ పడదు కదా. కప్పు పెడితే పడుతుంది. కనపడేదే వైద్యం అనుకోవడం మనుషులకి మామూలే. ఆ మచ్చ ఇంకొకడికి కూడా కనపడుతుందని, వాడు దాన్ని ఇంకోలా చదువుతాడని మాకు తట్టలేదు.

తట్టించింది ఆ గోలగాడే. ఒక సెలవు రోజు చప్పుడు చెయ్యకుండా వచ్చి పడుకున్నాడు. నేను కప్పు చేతిలోకి తీసుకోగానే తల తిప్పి గొంతు తగ్గించి అడిగాడు.

"బాబూ, మచ్చ పడకుండా ఎట్టగలవా?"

"అదేంటయ్యా? మొన్నటిదాకా నల్లగా కావాలన్నావు."

"అప్పుడు తెలీదు బాబూ. మచ్చుంటే ఫుల్లు లోడు."

నాకు అర్థం కాలేదు. అతను పూర్తిగా చెప్పాడు. చెప్పినా నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లేముందు గోడౌనుకి వెళ్లి నా కళ్లతో చూశాను.

కళాసీలందరూ లారీ పక్కన వరసగా నిలబడి ఉన్నారు. ముఠా మేస్త్రి, యాభై దాటిన బలిష్ఠుడు, ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి, "ఈపు సూపు," అంటున్నాడు. వాళ్లు చొక్కా ఎత్తి వెనక్కి తిరుగుతున్నారు. వీపు మీద గుండ్రటి మచ్చలుంటే, "ఊఁ, వైద్దెం అయిపోనాది. పద," అని లారీ వైపు తోస్తున్నాడు. మచ్చలు లేనివాడు నొప్పి అంటే, "ఆస్పటల్‌కి ఎల్లనేదు, అబద్దాలాడతన్నావు. పద," అని అదే లారీ వైపు తోస్తున్నాడు. మచ్చ ఉన్నా లారీయే, లేకపోయినా లారీయే. ఇంతకు ముందు నొప్పి అంటే మేస్త్రి తిట్టి అయినా ఒకపూట తేలిక పని ఇచ్చేవాడట. ఇప్పుడు అదీ పోయింది. నేను ముందురోజు కండ వదులు చేసి, రెండు రోజులు బరువు ఎత్తకు అని చెప్పి పంపిన వీపుల మీదే దిమ్మలు ఎక్కుతున్నాయి.

నా మచ్చలవి. నా చేత్తో పెట్టినవి. వాటితో హాజరు తీసుకుంటున్నారు.

మేస్త్రిని పక్కకి పిలిచాను. "ఇదేం పద్ధతయ్యా? కప్పు పెట్టిన మర్నాడు కండ పచ్చిగా ఉంటుంది. వాళ్లని వదిలెయ్యి."

"నానేటి సేస్తాను బాబూ. షావుకారు అలగే సెప్పేరు. ఆస్పటల్‌కి పంపిస్తన్నాను, మరేటి నొప్పి అంటారు. నాను లోడు పంపకపోతే నన్ను పంపేస్తారు."

డాక్టరుగారికి చెప్పాను. ఆయన చేతిలో ఉన్న ఎక్స్‌రే వెలుతురుకి పట్టుకుని చూస్తూనే విన్నారు. "మనం ట్రీట్‌మెంట్ ఇస్తాం మాస్టారూ. తరవాత వాళ్లు బరువులు మోస్తారో, డాన్సు చేస్తారో మన చేతిలో లేదు. మనం కాదంటే వేరే చోటికి పంపుతాడు. అక్కడ శుభ్రమైన కప్పు కూడా ఉండదు."

ఈ వాదన మీకు జీవితంలో చాలాసార్లు వినపడుతుంది. మనం చెయ్యకపోతే ఇంకొకడు ఇంతకంటే చెడ్డగా చేస్తాడు అని. విన్నప్పుడల్లా ఒకటి గమనించండి. ఆ మాట అనేవాడు ఎప్పుడూ కుర్చీలో ఉంటాడు. బెంచీ మీద బోర్లా పడుకున్నవాడు అనడు.

ఆ తరవాత నేనూ, మా అమ్మాయీ ఒక మాట అనుకున్నాం. కళాసీలకి పంపు మెల్లగా కొట్టి, మచ్చ పెద్దగా పడకుండా పెట్టేవాళ్లం. కొందరికి చేత్తోనే మర్దన చేసి పంపేవాళ్లం. అలా ఎన్నాళ్లో సాగలేదు. మచ్చలు పడకపోతే వైద్యం అయినట్టు ఎలా తెలుస్తుందని షావుకారు డాక్టరుగారికి ఫోను చేశారు. డాక్టరుగారు మా గదిలోకి వచ్చి, "గట్టిగా పెట్టండి మాస్టారూ, పేషెంటు సంతృప్తి ముఖ్యం కదా," అన్నారు. పేషెంటు ఎవరని అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఆ రోజు మింగేశాను. తరవాత మింగలేదు.

ఇక అసలు రోజు, డైరీలో దున్నినట్టున్న పేజీ రోజు.

అది బజారు సెలవు కాదు. పొద్దున్న ఆసుపత్రి తెరిచిన కాసేపటికి మేస్త్రి ఆ గోలగాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. మా గది మేడ మీద. కింద వాళ్ల లోడు బండి, మిగతా ముఠాతో సహా, రోడ్డు మీదే ఆగి ఉంది. గోలగాడు నవ్వుతూ గుమ్మంలోకి వచ్చాడు. కిందటి వారం రోజులుగా నడుములోంచి కాలిలోకి కరెంటులా కొట్టే నొప్పితో నిద్ర లేదని చెప్పిన మనిషి.

"బాబూ, నొప్పి ఎల్లిపోనాది!" అన్నాడు.

"మరెందుకొచ్చావు?"

"కాలు సెప్పిన మాట ఇంటం నేదు. రెండు కప్పులెట్టీండి, ఎల్లిపోతాను."

మేస్త్రి కూడా హుషారుగా, "తొరగా కానీండి బాబూ, బండి ఆగుంది. నొప్పి ఎలగా నేదు," అన్నాడు.

మా అమ్మాయి అతణ్ణి బోర్లా పడుకోమంది. నేను అతని నడక చూస్తూ ఉండిపోయాను. కుడి పాదం ముందుభాగం నేలని ఈడుస్తోంది. ఆ పాదానికి చెప్పు లేదు. ఎడం పాదానికి ఉంది.

"నీ రెండో చెప్పేదయ్యా?"

అతను కిందికి చూసుకుని ఆశ్చర్యపోయాడు. "ఉండాలే!"

చెప్పు మెట్ల మీద, కింది నుంచి రెండో మెట్టు దగ్గర పడి ఉంది. అది ఊడిపోయిన సంగతి పాదానికి తెలియలేదు. సిమెంటు మెట్లు వట్టి కాలితో ఎక్కుతున్నానన్న సంగతీ తెలియలేదు.

నేను మెట్ల దగ్గర్నుంచి వెనక్కి వచ్చేసరికి అమ్మాయి అతని పిక్క మీద కప్పు పెట్టి పంపు కొట్టేసింది. "పట్టు సరిపోయిందా, ఇంకా లాగనా?" అని అడుగుతోంది.

"ఎట్టు తల్లీ, ఎట్టేక సెప్తాను," అన్నాడతను.

అమ్మాయి చెయ్యి పంపు మీదే ఆగిపోయింది. కప్పులో పిక్క నిమ్మకాయంత ఉబ్బి ఉంది. మేస్త్రి మొదట నవ్వాడు, వీడు మళ్లీ వేళాకోళమాడుతున్నాడని. తరవాత మా ఇద్దరి మొహాలు చూసి నవ్వు ఆపేశాడు.

కప్పు తీయించి, అతణ్ణి వెల్లకిలా తిప్పి, కుడి కాలి బొటనవేలు పైకి ఎత్తమన్నాను. మొహమంతా బిగబట్టి ప్రయత్నించాడు. వేలు కదల్లేదు. సైకిలు సీటు ఆనే చోట ఎలా ఉందని అడిగాను. "మొద్దులాగ ఉంది బాబూ. నాది కాదన్నట్టుంది" అన్నాడు. ఒంటేలుకి వెళ్లావా అంటే, రాత్రినుంచి రావటం లేదని, వేడి చేసిందనుకున్నానని చెప్పాడు.

పిల్లలూ, ఇది మీరు పుస్తకంలో చదివే ఉంటారు. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు జారి, కిందికి దిగే నరాల కట్టని మొత్తంగా నొక్కేసినప్పుడు ఇలా అవుతుంది. నొప్పి పోవడం అక్కడ శుభం కాదు. నొప్పిని మోసుకొచ్చే నరమే చచ్చిపోతోందని అర్థం. గంటల మీద పని. ఆలస్యమైతే కాళ్లూ, మూత్రం మీద పట్టూ జన్మలో తిరిగి రావు. ఆ గదిలో ఉన్న నలుగురిలో ఇద్దరికి అది తెలుసు. మిగతా ఇద్దరూ నొప్పి పోయిందని సంతోషంగా ఉన్నారు.

డాక్టరుగారి గదికి వెళ్లాను. చెప్పాను. ఆయన రెండు నిమిషాల్లో వచ్చి, మోకాలి మీద సుత్తితో కొట్టి చూసి, నన్ను బయటికి పిలిచారు.

"సయాటికానే మాస్టారూ. కాస్త వీక్‌నెస్ ఉంది. ఇంజక్షన్ ఇద్దాం, రేపు చూద్దాం."

"రేపటికి మిగిలేది ఏమీ ఉండదు. ఒంటేలు రావటం లేదు. విశాఖ పంపించాలి, ఇప్పుడే."

"పంపిస్తే షావుకారు ఏమనుకుంటాడు? ఇన్నాళ్లూ మన దగ్గరే కదా వైద్యం. మనం పాడుచేశామనుకోడా? ఇంజక్షన్ వేసి, కప్పులు పెట్టి..."

"కప్పులా? పెట్టినట్టే అతనికి తెలియటం లేదు. ఎక్కడ పెట్టమంటారు?"

"మీరు ఫిజియో మాస్టారూ. రోగ నిర్ణయం నా పని."

"అయితే చెయ్యండి!" అన్నాను. అరిచాను. ఆసుపత్రిలో నా గొంతు పెరగడం అదే మొదలు. వరండాలో కూర్చున్న రోగులు లేచి నిలబడ్డారు. "మీ పని మీరు చెయ్యండి. సుత్తితో మోకాలు కొట్టడం కాదు, అతని ఒంట్లో ఎక్కడిదాకా స్పర్శ పోయిందో చూడండి. చూసి, రేపటిదాకా ఆగచ్చని ఈ మనుషుల ముందు చెప్పండి."

ఆయన చూడలేదు. చెప్పనూ లేదు. మొహం ఎర్రబడింది. "గొడవ చెయ్యకండి. అమ్మా, నువ్వు వెళ్లి కప్పులు పెట్టు," అని అమ్మాయికి చెప్పారు.

అమ్మాయి పంపు బల్ల మీద పెట్టేసింది. "నేను పెట్టను సార్" అంది. పెద్ద గొంతుతో కాదు. రోజూ బస్సు ఆలస్యమైందని చెప్పే గొంతుతోనే. అప్పటికి ఆమె ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు. నాకు పోయేదేమీ లేదు. ఆమెకి ఉంది. అందుకే ఆ రోజు ఆసుపత్రిలో నాకంటే ఆమెదే గట్టి మాట.

డాక్టరుగారు ఫోను తీసుకుని తన గదిలోకి వెళ్లిపోయారు. నేను గోలగాడి భార్యకి కబురు పెట్టాను. బస్టాండు దగ్గరే కదా, చేతికి పిండి ఉండగానే వచ్చింది. ఆపరేషను మాట వినగానే గోడకి చేరగిలబడింది.

"నడుం కోస్తే మనిషి లెగడంటారు బాబూ. మా ఈదిలో ఒకాయనకి అలగే అయిపోనాది."

"ఏటే ఏడుపు, నొప్పి నేదంటంటే," అని లోపల్నుంచి మొగుడు. అతనికి ఇంకా అర్థం కాలేదు. అర్థమైనట్టు కనపడితే భార్య బెదిరిపోతుందని అలా అంటున్నాడేమో కూడా.

ఆవిడ కళ్లు తుడుచుకుని నన్ను నిలదీసింది. "కోస్తే నడుస్తాడా? కొయ్యకపోతే నడుస్తాడా? రెండిట్లో నువ్వేటి సెప్పగలవు?"

"కోస్తే ఏమవుతుందో నేను చెప్పలేనమ్మా. కొయ్యకపోతే ఏమవుతుందో చెప్పగలను."

ఆవిడ చేతికున్న పిండి కొంగుకి తుడుచుకుంది. "పద మరి," అంది.

అప్పుడు మేస్త్రి గుమ్మానికి అడ్డంగా ఉన్నాడు. షావుకారు ఫోనులో అతని మీద కేకలేస్తున్నారు. బయటికి కూడా వినపడుతోంది. బండి ఎందుకు ఆగింది, మచ్చలు పడ్డాయా లేదా, ఇదే పాట. మేస్త్రి ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "సిత్తం, సిత్తం," అంటున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ వీపు చూపు," అన్నాను.

"ఏటి బాబూ?"

"రోజూ అందరివీ చూస్తావు కదా. నీది చూపు."

అతను కదల్లేదు. నేను పెద్దవాడినన్న జ్ఞానం కూడా లేకుండా అతని చొక్కా వెనక నుంచి ఎత్తేశాను. వీపు నిండా మచ్చలు. మా దగ్గర పెట్టినవి కావు. వాటి అంచులు కాలి పొక్కి ఉన్నాయి. ఎవరి చేతో ఇంట్లో గాజు గ్లాసుల్లో కాగితం వెలిగించి పెట్టించుకున్నాడు. పాతవాటి మీద కొత్తవి, మానకముందే మళ్లీ. మేస్త్రికి నొప్పి ఉందని తెలిస్తే అతని చోట ఇంకొకణ్ణి పెడతారు. అందుకని మా దగ్గరికి రాలేదు.

చొక్కా కిందికి లాక్కున్నాడు. నా మొహం చూడలేదు. ఫోను కట్టేసి జేబులో పెట్టుకున్నాడు. లోపలికి వెళ్లి, "ఒరే, నీ నడుం ఒంచకు. బాబు ఎలగ సెప్తే అలగ ఎత్తుతాను," అన్నాడు. కింద ఉన్న ముఠాని కేకేశాడు. దిమ్మలెత్తే మనుషులు ఆరుగురు కలిసి, నేను చెప్పినట్టు, వీపు వంగకుండా చెక్క పలక మీద అతణ్ణి మెట్లు దించి అద్దె కారెక్కించారు. అంత జాగ్రత్తగా బరువు ఎత్తడం వాళ్లకి ఎవరూ ఎప్పుడూ నేర్పలేదు. నేర్పి ఉంటే సగం మంది మా బెంచీల దాకా వచ్చేవారే కాదు.

నేనూ, అతని భార్యా కారులో వెళ్లాం. దారంతా గతుకుల్లో అతని తల నా ఒళ్లో ఉంది. అనకాపల్లి దాటాక అడిగాడు, "బాబూ, నా సెప్పు తెచ్చేరా?" అని. తెచ్చాను. ఆవిడ సంచిలో ఉంది. అప్పటికి అతనికి అర్థమైంది. ఆ తరవాత విశాఖ వచ్చేవరకు ఆ సంచి గుండెకి ఆనించుకునే ఉన్నాడు. అంత గోల మనిషి.

విశాఖ పెద్దాసుపత్రిలో ఆ రోజే ఆపరేషను చేశారు. చేసిన సర్జను నాతో ఒకే మాట అన్నారు, ఇంకాస్త ఆలస్యమైతే తీసుకురాకపోయినా ఒకటేనని. మూత్రం మీద పట్టు కొన్ని వారాలకి వచ్చింది. ఎడం కాలికి ఏ లోటూ రాలేదు. కుడి పాదం పూర్తిగా లేవలేదు. ప్లాస్టిక్ పట్టీ కట్టుకుని నడుస్తాడు. బరువు ఇక ఎత్తలేడు. ముఠాలో అతని చోట అతను ఆసుపత్రిలో ఉండగానే నిండిపోయింది.

ఇక్కడితో నా కోపం సగం తగ్గి ఉండేదే. డాక్టరుగారు ఆగనివ్వలేదు. మనిషి నడుస్తున్నాడని తెలిసిన రోజున మా గదికి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపారు. "మన కేసు సక్సెస్ మాస్టారూ. కరెక్ట్ టైములో రిఫర్ చేశాం," అన్నారు. చేశామట. నేను చెయ్యి వెనక్కి తీసుకుని సబ్బుతో కడుక్కున్నాను. ఆయన అది చూశారు. చూడాలనే కడుక్కున్నాను.

తరవాత కొద్ది రోజులకి మాడుగుల వెళ్లే రోడ్డు మలుపులో పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. 'కప్పింగ్‌తో నొప్పి మాయం' అని పైన, ఫోను నంబరు కింద, మధ్యలో తల లేని వీపు. దాని మీద నేరేడు రంగు మచ్చలు. ఎడం భుజం కింద ఎప్పుడో కొక్కెం గీరిన పాత గాటు. ఆ గాటు పక్కనుంచి ఎన్నిసార్లు కప్పు జరిపానో నాకే తెలుసు. మొదటి సరదా రోజుల్లో డాక్టరుగారు మా గదికి వచ్చి ఫోనుతో ఫొటోలు తీసుకునేవారు. అప్పటిది.

ఆయన గదికి వెళ్లి అడిగాను. "అది ఎవరి వీపో మీకు తెలుసా?"

"తల లేదు కదా మాస్టారూ. ఎవరిదైతే ఏం?"

నా తెల్లకోటు విప్పి ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను. నెల తిరక్కుండా అమ్మాయి కూడా మానేసింది. ఇప్పుడు అనకాపల్లిలో వేరే చోట పనిచేస్తోంది. రోగి గుమ్మంలోకి రాగానే మొహం కంటే ముందు చెప్పులు చూస్తానని ఫోనులో చెప్పింది. మీకు నేను చెప్పదలచుకున్న పాఠం కూడా అదే. దానికి పరీక్ష లేదు, మార్కులు లేవు. కప్పు పట్టుకునే ముందు కిందికి చూడండి. నొప్పి పోయిందని ఎవరైనా నవ్వుతూ వస్తే మరీ జాగ్రత్తగా చూడండి. మీరు పెట్టే మచ్చని ఇంకెవరైనా చదువుతున్నారేమో అప్పుడప్పుడూ వెళ్లి కనుక్కోండి.

మొన్న వానాకాలంలో గాలికి ఆ ఫ్లెక్సీ కూలిపోయింది. తరవాత ఒక పొద్దున్న బస్టాండు వైపు వెళ్తే ఇడ్లీ బండి మీద కొత్త పందిరి కనపడింది. అదే ఫ్లెక్సీ, బొమ్మ లోపలికి పెట్టి కట్టారు. బెంచీ మీద కూర్చుని తింటున్నవాళ్ల నెత్తిన ఆ మచ్చల వీపు. దాని కిందే అతను స్టూలు మీద కూర్చుని చట్నీ గిన్నెలు అందిస్తున్నాడు. కాలికి పట్టీ, రెండు చెప్పులూ ఉన్నాయి.

"రండి బాబూ," అని పిలిచాడు. "నా ఈపు కింద కూకోండి. వాన తగల్దు."

నేను పైకి చూశాను. ఒక అంచు వంకరగా కోసేసి ఉంది. అక్కడ ఉండాల్సిన ఆసుపత్రి ఫోను నంబరు లేదు.

అతని భార్య ఇడ్లీ పాత్ర మూత ఎత్తుతూ నా చూపు గమనించింది.

"నానే కోసీసేను," అంది. "ఈపు మాది, ఉంచుకున్నాం. నంబరు ఆలది. ఎల్లి ఆల గుమ్మంలో పడీసి ఒచ్చేను."